పాత మారుతీ ఎస్టీమ్ సంరక్షణ, మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మారుతీ ఎస్టీమ్ 1994లో వచ్చింది, 2007తో దాని తయారీ ఆగిపోయింది. అందరికన్నా చివర కొన్నవారి బండికి కూడా ఇప్పటికి పదిహేనేళ్లు దాటాయి. అయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో ఇవి ఇంకా తిరుగుతున్నాయి. తండ్రి కొన్న కారును కొడుకో కూతురో నడుపుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఇక్కడి సమాధానాలన్నీ ఒకే అభిప్రాయం మీద నిలబడ్డాయి: ముందుగా బండిని కంపెనీ నుంచి బయటికొచ్చిన నాటి స్థితికి వీలైనంత దగ్గరగా తీసుకురావాలి, ఆ తరువాతే, అదీ ఆనాటి తయారీలోనే బలహీనంగా ఉన్న చోట్ల మాత్రమే, మార్పుల జోలికి వెళ్లాలి.

ఇంత పాత కారు మీద డబ్బు పెట్టడంలో అర్థముందా?

అమ్మితే వచ్చే ధరతో కొలిస్తే అర్థం లేదు. బాగు చేయించడానికి పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రాదు, ఆ సంగతి మొదటే ఒప్పుకుని దిగాలి. వాడకంతో కొలిస్తే మాత్రం లెక్క మారుతుంది. సుమారు 900 కిలోల బరువుకు 1298 సీసీ ఇంజిన్, నలుగురు హాయిగా కూర్చోగల చోటు, సామాన్లకు విడిగా డిక్కీ, ఏ ఊళ్లోనైనా మెకానిక్కు చేయి తిరిగిన యంత్రం, ఇవన్నీ ఒకే బండిలో ఉన్నాయి. అయితే షరతు ఒకటి ఉంది: బాడీ గట్టిగా ఉండాలి. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసీ ఉండదు, బాడీ రేకులే బరువంతా మోస్తాయి. పాడైన ఇంజిన్‌ను బోరు చేయించి నిలబెట్టవచ్చు గానీ, అడుగు భాగం తుప్పు తినేసిన బండిని నిలబెట్టడం చాలా సందర్భాల్లో వృథా ప్రయాస.

నా బండిలో ఉన్నది ఏ ఇంజిన్? అది తెలియడం ఎందుకు అవసరం?

ఎస్టీమ్ కన్నా ముందు, 1990లో, దాదాపు ఇదే ఆకారంలో మారుతీ 1000 వచ్చింది. దానిలో 970 సీసీ ఇంజిన్ ఉండేది, అది ఆ బాడీని లాగలేక ఆయాసపడేది. ఎస్టీమ్‌కు ఇచ్చిన 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిన్ మొదట కార్బురేటర్‌తో, సుమారు 65 హార్స్‌పవర్‌తో వచ్చింది. 1999 ప్రాంతంలో అది పదహారు వాల్వులు, ఎంపీఎఫ్ఐ విధానంతో (ప్రతి సిలిండర్‌కూ విడి ఇంజెక్టర్ పెట్రోలు చల్లే పద్ధతి) 85 హార్స్‌పవర్‌కు పెరిగింది. పేరులో ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ అని చివర ‘ఐ’ ఉంటే అది ఎంపీఎఫ్ఐ బండి. పేరు బిళ్లలు మారిపోయి ఉండవచ్చు కనుక బానెట్ ఎత్తి చూడటమే మేలు: ఎయిర్ క్లీనర్ కింద కార్బురేటర్ ఉందా, లేక ఇంజిన్ తల పక్కన నాలుగు ఇంజెక్టర్లు వరుసగా ఉన్నాయా అన్నది వెంటనే తెలిసిపోతుంది. ప్యూజో సంస్థ 1527 సీసీ డీజిల్ ఇంజిన్‌తో వచ్చిన ఎస్టీమ్‌లు కూడా కొన్ని ఉన్నాయి. వాటి భాగాల కథ పూర్తిగా వేరు కనుక ఇక్కడ పెట్రోలు బండ్ల గురించే చెబుతున్నాము.

ఇంజిన్ ఏదో తెలియకుండా విడిభాగం కొనకూడదు. ఒకే పేరుతో అడిగినా కార్బురేటర్ బండికీ ఎంపీఎఫ్ఐ బండికీ వేర్వేరు భాగాలు వచ్చే సందర్భాలు ఎక్కువ.

ఏళ్ల తరబడి షెడ్డులో నిలిపి ఉంచిన బండిని తిరిగి నడపాలంటే మొదట ఏం చేయాలి?

బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం మాత్రం మొదటి పని కాదు. ట్యాంకులోని పాత పెట్రోలును పూర్తిగా తీసివేయించి, ట్యాంకు లోపల తుప్పు ఉందేమో చూడాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి ప్రతి సిలిండర్‌లో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి, కొంతసేపు ఆగి, ఇంజిన్‌ను చేతితో తిప్పి చూడాలి. అది స్వేచ్ఛగా తిరిగాకే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చి స్టార్ట్ చేయాలి. ఎలుకలు వైరింగ్ కొరికి ఉండటం మన వైపు సర్వసాధారణం, కనుక ఫ్యూజు పెట్టె నుంచి ఇంజిన్ గది వరకు వైర్లను కంటితో చూసుకోవాలి. బండి స్టార్ట్ అయిందన్న సంతోషంలో పాత టైర్ల మీద రోడ్డెక్కవద్దు.

ఎండాకాలంలో ఇంజిన్ హీట్ ఎక్కుతోంది. థర్మోస్టాట్ వాల్వు తీసేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. తీయించమంటారా?

వద్దు. ఈ సలహా తెలుగు నేల మీద ఎంతగా పాతుకుపోయిందంటే, చాలా ఎస్టీమ్‌లలో ఈపాటికే ఆ వాల్వు లేదు. ఇంజిన్ తగినంత వేడెక్కే వరకు రేడియేటర్ వైపు నీటిని వెళ్లనివ్వకుండా ఆపడం, వేడెక్కాక దారి ఇవ్వడం దాని పని. అది లేకపోతే ఇంజిన్ ఎప్పుడూ ఉండవలసిన దానికన్నా చల్లగా నడుస్తుంది. ఎంపీఎఫ్ఐ బండిలో కంప్యూటర్ ‘ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది’ అనుకుని అదనంగా పెట్రోలు చల్లుతూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిల్ పాడవుతుంది, రింగులు త్వరగా అరుగుతాయి. పైగా అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

అసలు జబ్బు సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి. ఏళ్ల తరబడి బోరునీళ్లు పోయడం వల్ల రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుపోవడం మొదటిది, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. ఫ్యాను మోటారో, దాని రిలేయో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), దానిని నడిపే హీట్ స్విచ్చో పనిచేయకపోవడం రెండవది. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు మాత్రమే వేడి చూపే ముల్లు పైకి లేచి, హైవే మీద దిగిపోతే దీనినే అనుమానించాలి. రేడియేటర్ మూత స్ప్రింగు బలహీనపడటం మూడవది. మూత తగిన ఒత్తిడిని నిలపలేకపోతే నీరు ముందే మరుగుతుంది. దాని ఖరీదు చాలా స్వల్పం కనుక అనుమానం ఉన్నప్పుడు కొత్తది వేయడమే తెలివి. ఇక నాలుగవది వాటర్ పంపు అరిగిపోవడం.

ఈ ఇంజిన్ బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియంతో చేసినవి. ఒక్కసారి తీవ్రంగా హీట్ ఎక్కినా హెడ్డు వంగి, ఆ రెండింటి మధ్య ఉండే గాస్కెట్ పొర పోయే ప్రమాదం ఉంటుంది. బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంటే, సైలెన్సర్ నుంచి తెల్లని పొగ ఆగకుండా వస్తుంటే, ఆయిల్ మూత లోపలి వైపు మజ్జిగలాంటి నురగ కనబడితే గాస్కెట్ పోయిందనే అనుకోవాలి. హెడ్డు విప్పించినప్పుడు దాన్ని లేతు మీద సమతలం చూపించకుండా తిరిగి బిగించనివ్వకండి. ముల్లు ఎరుపు వైపు వెళ్తున్నదని గమనించిన క్షణమే పక్కకు తీసి ఆపాలి, వేడి మీద రేడియేటర్ మూత తెరవకూడదు. కూలెంట్ విషయంలో శుద్ధజలంతో సగం సగం కలిపినది గాని, కలిపి అమ్మేది గాని పోయించి రెండేళ్లకొకసారి మార్చుకుంటే, ఈ సమాధానంలోని చాలా భాగం మీకు అవసరం రాదు.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలి?

లక్ష కిలోమీటర్లకు మార్చడం వాడుకలో ఉన్న లెక్క. కానీ తక్కువ తిరిగే పాత బండికి కిలోమీటర్లు కొలమానం కావు, రబ్బరు వయసుతోనే పగులుతుంది. చివరిసారి ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే, మార్చలేదనే భావించి మార్పించండి. అదే సమయంలో టెన్షనర్ బేరింగు, ముందువైపు ఆయిల్ సీళ్లు కూడా వేయించాలి. వాటర్ పంపు విప్పాలంటే ఎలాగూ టైమింగ్ బెల్టు తీయవలసిందే కనుక, పంపులో కాస్త ఆట కనిపించినా అప్పుడే మార్చడం వల్ల రెండోసారి కూలి ఇవ్వవలసిన అవసరం తప్పుతుంది.

ఇంజిన్ ఆయిల్ ఏది వాడాలి?

యజమాని పుస్తకంలో చెప్పిన గ్రేడు చాలు. ఖరీదైన ఆయిల్ ఎక్కువ కాలం ఉంచడం కన్నా, మామూలు మంచి ఆయిల్‌ను ఐదు వేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చడం ఈ వయసు ఇంజిన్‌కు మేలు చేస్తుంది.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోయిస్తే బండి పాడవుతుందా?

ఈ మధ్య అన్నిటికన్నా ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఇదే, ఆందోళనలో న్యాయం కూడా ఉంది. 2023లో మొదలైన ఈ20 పెట్రోలు ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ అదే దొరుకుతోంది. ఎస్టీమ్ తయారైన రోజుల్లో అంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని గొట్టాలు గాని, వాషర్లు గాని, కార్బురేటర్ లోపలి రబ్బరు పొరలు గాని చేయలేదు. అయితే భయపడి బండి మూలన పెట్టవలసిన అవసరం లేదు. ఏది పాడవుతుందో తెలిస్తే దానిని ముందే మార్చవచ్చు.

మొదట మైలేజీ సంగతి చూద్దాం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే దానిలో సుమారు మూడింట రెండు వంతులే. కాబట్టి ఐదో వంతు ఇథనాల్ కలిస్తే మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ఆ మేరకు మైలేజీ తగ్గడం సహజమే గానీ, నాలుగో వంతు పడిపోయిందంటే తప్పు పెట్రోలుది కాదు, ట్యూనింగ్‌లో వెతకాలి.

రెండవది రబ్బరు. ట్యాంకు నుంచి ఇంజిన్ వరకు ఉన్న పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో ఒకేసారి మార్పించండి, క్లిప్పులతో సహా. ఈ ఒక్క పని మీద చేసే ఖర్చుకు ఎవరూ వెనకాడకూడదు, ఎందుకంటే వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారడం అంటే నిప్పుతో చెలగాటం. కార్బురేటర్ బండి అయితే కొత్త రిపేరు కిట్టు వేయించి, మిశ్రమం కాస్త చిక్కగా ఉండేలా సెట్ చేయించాలి. ఎంపీఎఫ్ఐ బండిలో ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే కంప్యూటరే కొంతవరకు సర్దుకుంటుంది.

మూడవది నీరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. కోస్తాలో, అందులోనూ వానాకాలంలో, సగం ఖాళీ ట్యాంకుతో బండిని నెలల తరబడి నిలపకూడదు. నిలపక తప్పకపోతే నిండుగా పోయించి నిలపండి, లేదా పూర్తిగా ఖాళీ చేయించండి. పాత ట్యాంకులో అంటుకుని ఉన్న మడ్డిని కూడా ఇథనాల్ కరిగించి ముందుకు తోస్తుంది కనుక, మొదటి కొన్ని నెలల్లో పెట్రోలు ఫిల్టరు ఒకటి రెండుసార్లు మార్చవలసి రావచ్చు.

తుప్పు ఎక్కడ వెతకాలి? పట్టీ (పుట్టీ) పెట్టి రంగు వేస్తే ఆగుతుందా?

ఆగదు. తుప్పు మీద పట్టీ పెట్టడం అంటే దానిని కంటికి కనబడకుండా పెంచడమే. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు ఉప్పుగాలి తిన్న బండికీ, హైదరాబాదులోనో అనంతపురంలోనో తిరిగిన బండికీ ఈ విషయంలో ఎంతో తేడా ఉంటుంది. కొనేటప్పుడు బండి ఏ ఊళ్లో పెరిగిందో అడగడం, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగడం కన్నా ముఖ్యం.

తలుపుల అడుగు అంచులు, చక్రాల పైనుండే వంపులు, తలుపుల కింద పొడవుగా ఉండే గడప భాగం, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట, బ్యాటరీ కింద రేకు, ఇవి మొదట తినే చోట్లు. కార్పెట్లు ఎత్తించి నేల రేకులను చూడాలి. ఏసీ నీటి పైపు మూసుకుపోయి లోపలికి కారడం వల్ల ముందు సీటు ఎడమవైపు నేల పాడైన బండ్లు చాలా ఉంటాయి. బానెట్ కింద ముందు సస్పెన్షన్ పైభాగం బిగించిన చోట తుప్పు గాని, పాత వెల్డింగు గాని ఉంటే ఆ బండి దగ్గర ఆగి ఆలోచించాలి, ఎందుకంటే చక్రం తినే ప్రతి దెబ్బా అక్కడికే చేరుతుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, తుప్పు పట్టిన రేకును మంచి రేకు కనబడే వరకు కోసి తీసివేసి, కొత్త రేకు వెల్డింగు చేసి, ప్రైమరు వేసి, ఆ తరువాతే రంగు వేయాలి. తలుపుల అడుగున, గడపల్లో నీరు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. టింకరింగ్, అండర్ కోటింగ్ చేసేటప్పుడు వాటిని మూసేయడం చాలా షెడ్లలో జరిగే పొరపాటు. పని పూర్తయ్యాక పుల్లతోనైనా గుచ్చి అవి తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి.

గతుకుల్లో ముందువైపు కటకటమంటోంది. షాక్ అబ్జార్బర్లు మార్చాలా?

వెంటనే కాదు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ బార్ రబ్బర్లు, స్ట్రట్ పైన ఉండే మౌంట్లు, స్టీరింగ్ రాడ్ చివర్లు, ఈ వరుసలో చూపించుకుంటే సగానికి పైగా శబ్దాలు అక్కడే తేలిపోతాయి. రబ్బరు భాగాలు వేసేటప్పుడు రెండు వైపులా కలిపి వేయాలి, ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. స్పీడు బ్రేకర్లకు అడుగు తగులుతోందని స్ప్రింగుల మధ్య రబ్బరు ముద్దలు దూర్చే అలవాటు ఉంది. వాటి వల్ల స్ప్రింగు పని సగం ఆగిపోయి భారం బాడీ మీద పడుతుంది. కుంగిన స్ప్రింగులకు విరుగుడు కొత్త స్ప్రింగులే. అందం కోసం స్ప్రింగులు కోయించి బండిని కిందికి దించడం మన రోడ్ల మీద కుటుంబంతో తిరిగే బండికి పనికిరాదు.

బ్రేకుల్లో ఏవి మార్చుకోవాలి?

ఈ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ లేదు. అందుకే రూపాయి ఉంటే మొదట బ్రేకుల మీద, తరువాత టైర్ల మీద, ఆ తరువాతే మరేదైనా. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్న ఈ విధానం మంచి స్థితిలో ఉంటే ఈ బరువుకు సరిపోతుంది. ముందు రబ్బరు గొట్టాలు, వెనుక వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు వయసు బట్టి మార్చాలి. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుని, గట్టిగా బ్రేకు వేసిన వేడికి లోపల ఆవిరై, పెడల్ మెత్తబడేలా చేస్తుంది. తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లలో దిగేవారు దానిని రెండేళ్లకొకసారి మార్చకుండా ఉండకూడదు. దిగేటప్పుడు మూడో గేరులో గాని, రెండో గేరులో గాని ఇంజిన్ బ్రేకింగుతో దిగాలి.

సీటు బెల్టుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎండకు గట్టిపడి, అంచులు చీలికలు వారిన బెల్టు ఆపదలో పట్టదు. వెనుక సీటు బెల్టులు లేకపోతే, బిగించే బోల్టుల చోట్లు బాడీలో ఉన్నాయో లేదో చూపించి, నాణ్యతా ముద్ర ఉన్న కొత్త బెల్టులు వేయించండి.

పెద్ద టైర్లు, అల్లాయ్ చక్రాలు వేయవచ్చా?

మితంగా అయితే వేయవచ్చు. ముందు కొలతలు చూడాలి. ఎస్టీమ్ చక్రానికి నాలుగు బోల్టులు, వాటి వలయం కొలత 114.3 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ చక్రాలు 100 మిల్లీమీటర్ల కొలతవి కనుక అవి కూర్చోవు. అడాప్టర్లు పెట్టి కూర్చోబెట్టే ప్రయత్నం బేరింగుల మీద భారం పెంచుతుంది, చేయవద్దు. 175/70 ఆర్13 టైరు ఉన్న బండికి 185/60 ఆర్14 వేస్తే మొత్తం ఎత్తులో తేడా రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. అందువల్ల స్పీడోమీటరు దాదాపు సరిగానే చూపుతుంది, టైరు బాడీకి తగలదు, మలుపుల్లో పట్టు కొంత పెరుగుతుంది. 15 అంగుళాలకు వెళితే టైరు పక్కగోడ పలచబడి గతుకుల దెబ్బ నేరుగా రిమ్ముకూ బాడీకీ చేరుతుంది.

టైరు మీద నాలుగు అంకెల తయారీ ముద్ర ఉంటుంది: మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గాట్లు ఎంత లోతుగా కనిపించినా ఐదారేళ్లు దాటిన టైరును మన ఎండల్లో హైవే మీద నమ్మవద్దు. స్టెప్నీకి కూడా ఇదే లెక్క.

హెడ్‌లైట్ల వెలుగు చాలడం లేదు. ఎల్ఈడీ బల్బులు పెట్టించవచ్చా?

ఈ బండిలో నిజంగా మార్పు కోరుతున్న చోటు ఇదే, కానీ దారి ఎల్ఈడీ కాదు. హ్యాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ గాని, హెచ్ఐడీ గాని పెడితే వెలుగు పుట్టే చోటు మారిపోయి కిరణాలు చెల్లాచెదురవుతాయి. నడిపేవారికి ఎక్కువ వెలుగున్నట్టు భ్రమ కలుగుతుంది, ఎదురుగా వచ్చేవారి కళ్లు మాత్రం మూతపడతాయి.

పాత బండిలో వెలుగు తగ్గడానికి పెద్ద కారణం తీగల్లో, స్విచ్చు కొసల్లో కరెంటు నష్టం. బల్బుకు చేరే వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. కనుక బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో, మందమైన తీగలతో రెండు రిలేలు పెట్టించి, పాత స్విచ్చును ఆ రిలేలను నడపడానికి మాత్రమే వాడుకుంటే, కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల హెచ్4 బల్బులే కొత్తవాటిలా వెలుగుతాయి. స్విచ్చు కాలిపోయే బెడద కూడా తప్పుతుంది. రిఫ్లెక్టర్ వెండిపూత పోయి ఉంటే మొత్తం హెడ్‌లైటు మార్చాలి. చివరగా గోడ మీద వెలుగు ఎత్తు సరిచూపించుకోవాలి. 100/90 వాట్ల బల్బులు పాత హోల్డర్లను కరిగిస్తాయి, పైగా చట్టవిరుద్ధం.

ఏసీ గ్యాసు నిలవడం లేదు. పాత ఆర్12 గ్యాసు ఇప్పుడు దొరుకుతుందా?

1990లలో వచ్చిన బండ్లలో ఆర్12 వాడేవారు. ఓజోన్ పొరకు చేసే హాని వల్ల దాని తయారీని మన దేశం 2008లో ఆపేసింది. దాని స్థానంలో వచ్చిన ఆర్134ఏ గ్యాసుకు మార్చుకోవాలంటే గ్యాసు ఒక్కటి మారిస్తే చాలదు: పాత మినరల్ ఆయిల్‌ను కడిగించి కొత్త గ్యాసుకు తగిన ఆయిల్ పోయించాలి, డ్రయర్ మార్చాలి, రబ్బరు రింగులన్నీ మార్చాలి. తక్కువ ధరకు వస్తుందని కొన్నిచోట్ల వంటగ్యాసు జాతికి చెందిన వాయువులు నింపుతున్నారు. అవి మండుతాయి, కారితే మీరు కూర్చున్న చోటికే వస్తాయి. ఏ గ్యాసు నింపుతున్నారో సిలిండర్ మీద చదివి మరీ నింపించుకోండి.

బలేనో 1.6 ఇంజిన్ పెట్టించుకుంటే ఎలా ఉంటుంది? పికప్ పెంచే ఇతర మార్గాలేమిటి?

ఇది కుర్రవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న. మారుతీ పాత బలేనో కారులోని 1590 సీసీ ఇంజిన్ ఇదే కుటుంబానికి చెందినది కనుక యంత్రపరంగా అది సాధ్యమే. దేశవాళీ ర్యాలీల్లో ఎస్టీమ్ ఏళ్ల తరబడి పరుగెత్తింది, ఆ మోజు ఇంకా ఉంది. కానీ పోటీ బండికీ, అమ్మానాన్నలను ఎక్కించుకుని వెళ్లే బండికీ నియమాలు వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాడైన ఇంజిన్ స్థానంలో అదే రకం ఇంజిన్ వేయించాలన్నా రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ముందుగా తీసుకుని, కొత్త ఇంజిన్ నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. పాత ఇనుప సామాన్ల అంగట్లో ఇంజిన్ కొంటే దాని బిల్లు, ఆ బండి కాగితాలు అడిగి తీసుకోండి, లేకపోతే దొంగ బండి ఇంజిన్ మీ మెడకు చుట్టుకుంటుంది.

నిజానికి బండి లాగడం లేదని చెప్పేవారిలో ఎక్కువమందికి కావలసింది పెద్ద ఇంజిన్ కాదు, ఉన్న ఇంజిన్ పూర్తి ఆరోగ్యం. నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ కొలిపించండి. టాపెట్ల సందు సరిచేయించండి. ప్లగ్గులు, ప్లగ్గు తీగలు, గాలి ఫిల్టరు కొత్తవి వేయించండి. క్లచ్ జారుతోందా, బ్రేకులు పట్టేసి ఉన్నాయా చూడండి. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి. 900 కిలోల బండికి 85 గుర్రాలు నిజంగా అందితే, కుటుంబంతో వెళ్లే ఏ ప్రయాణానికైనా అవి చాలినన్ని. శంఖాకారపు గాలి ఫిల్టర్లు ఇంజిన్ గదిలోని వేడి గాలినే పీల్చుకుంటాయి, పెరిగేది శబ్దమే. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయించడం కాలుష్య పరీక్షలో దొరికిపోయే తప్పు, ఊపిరి పీల్చే అందరి పట్లా తప్పు.

అద్దాల ఫిల్మ్, బంపర్ ముందు గార్డు, రంగు మార్పు, వీటికి నియమాలు ఏమిటి?

అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడాన్ని 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిషేధించింది. ముందుభాగాన బిగించే ఇనుప గార్డులను కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో నిషేధించింది. అవి ఢీకొన్న దెబ్బను నేరుగా లోపలివారికి చేరవేస్తాయి, పాదచారులకు ప్రాణాంతకం. రంగు మార్చాలంటే ముందు అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త రంగు నమోదు చేయించాలి. స్టీరియో, సీటు కవర్లు, వెనుక కెమెరా వంటివి నిర్మాణాన్ని మార్చవు. వాటి తీగలను మాత్రం ఫ్యూజు లేకుండా పాత వైరింగులో కలపనివ్వకండి.

సీఎన్‌జీ కిట్టు పెట్టించడం లాభమా?

రోజూ ఎక్కువ దూరం తిరిగే వారికి లాభం ఉండవచ్చు. ఆమోదం పొందిన కిట్టును అనుమతి ఉన్న కేంద్రంలోనే బిగించి, ఆర్‌సీలో ఇంధనం మార్పు ఎక్కించాలి, సిలిండర్‌కు మూడేళ్లకొకసారి పరీక్ష చేయించాలి. డిక్కీ పోతుంది, వెనుక స్ప్రింగులు కుంగుతాయి. వారానికొకసారి బయటికి తీసే బండికి ఇది అనవసరం. ఇంటి వంటగ్యాసు సిలిండర్‌తో నడపడం నేరం, ప్రాణాలతో చెలగాటం.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

ఇంజిన్ వరకు దిగులు లేదు. ఈ 1298 సీసీ ఇంజిన్ కుటుంబాన్నే మారుతీ సంస్థ జిప్సీ కింగ్‌లోనూ, వెర్సాలోనూ, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్‌లోనూ వాడింది. అన్నీ నేరుగా సరిపోవు గానీ, పార్టు నంబరు సరిచూసుకుని కొంటే చాలా భాగాలు కొత్తవే దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్, విశాఖలో గాజువాక ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్ దుకాణాల్లో వెతకవచ్చు. కొరత ఉన్నవి బాడీ రేకులు, బంపర్లు, దీపాలు, తలుపు రబ్బర్లు, లోపలి ప్లాస్టిక్ భాగాలు. మంచివి కంటబడినప్పుడు అవసరం లేకపోయినా కొని దాచుకోవడం ఈ బండి యజమానులకు తగిన అలవాటు. పాత సామాన్ల విషయంలో చెన్నై పుదుపేట మంచి చోటు. అయితే బ్రేకు, స్టీరింగు భాగాలు మాత్రం ఎంత చవకగా వచ్చినా పాతవి కొనవద్దు.

ఆర్‌సీ రెన్యువల్ ఎలా? ఏపీ 09 నంబరు బండి ఇప్పుడు ఏ రాష్ట్రానిది?

సొంత వాడకపు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత బండిని తనిఖీ చేసి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఫారం 25తో, గడువుకు ముందు 60 రోజుల లోపల దరఖాస్తు చేయాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు రెన్యువల్ రుసుము 5,000 రూపాయలు, ఆలస్యమైతే నెలకు 500 రూపాయలు అదనం. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో ఈ రుసుమును 10,000 రూపాయలు చేశారు. హరిత పన్ను ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికి విడిగా ఉంటుంది. బీమా, కాలుష్య ధ్రువపత్రం చెల్లుబాటులో ఉండాలి. పెట్రోలు బండ్లను పదిహేనేళ్లకే ఆపేయాలన్న ఢిల్లీ ప్రాంతపు నిబంధనతో మన రెండు రాష్ట్రాలకు సంబంధం లేదు.

ఏపీ 09 హైదరాబాదు నంబరు కనుక, 2014 విభజన తరువాత ఆ బండి తెలంగాణలో నమోదైనట్టే లెక్క. పాత ఏపీ నంబరుతోనే అక్కడ తిరగవచ్చు. కానీ అదే బండిని ఏడాదికి మించి విజయవాడలోనో గుంటూరులోనో ఉంచితే అది పొరుగు రాష్ట్రపు బండి కిందికే వస్తుంది. తెలంగాణ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఆంధ్రప్రదేశ్‌లో కొత్త నంబరు తీసుకోవాలి. ఏపీ 16, ఏపీ 31 వంటి నంబర్లతో హైదరాబాదులో స్థిరపడినవారికి ఇదే సూత్రం అటునుంచి ఇటు వర్తిస్తుంది.

బీమా సంగతి ఏమిటి?

మూడో వ్యక్తి బీమా చట్టరీత్యా తప్పనిసరి. బండి విలువ స్వల్పమైనా, మీ వల్ల మరొకరికి జరిగే నష్టం స్వల్పం కాదు. చేసిన మార్పులు బీమా సంస్థకు చెప్పకపోతే క్లెయిము సమయంలో అవే అడ్డం తిరుగుతాయి.

ఎప్పుడు వదులుకోవాలి?

ఇంజిన్, గేరుబాక్సు, రంగు, ఇవేవీ వదులుకోవడానికి కారణాలు కావు. సస్పెన్షన్ బిగించే చోట్లు, గడపలు, నేల అడ్డదూలాలు ఒకటికి మించి తుప్పు తినేసి ఉంటే, లేదా పాత ప్రమాదంలో బాడీ వంగి ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా బండి ఒక పక్కకు లాగుతుంటే, కుటుంబాన్ని అందులో కూర్చోబెట్టకూడదు. అప్పుడు రిజిస్టరు అయిన తుక్కు కేంద్రానికే ఇవ్వండి. వారు ఇచ్చే డిపాజిట్ ధ్రువపత్రం ఆధారంగా రవాణా శాఖలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. వీధిలో పాత సామాన్లు కొనేవారికి కాగితాలతో సహా అప్పగిస్తే, ఆ నంబరు మీద జరిగే ప్రతిదానికీ రికార్డుల్లో మీరే యజమానిగా మిగిలిపోతారు. బాగున్న హెడ్‌లైట్లు, తలుపు రబ్బర్లు, అద్దాలు ఉంటే మరో ఎస్టీమ్ యజమానికి ఇవ్వండి, వాటి కోసం ఊళ్లు తిరుగుతున్నవారు ఉన్నారు.